నాన్న "టేపు" అన్నాడు

మూడు నెలలుగా ఇక్కడ ఏమీ రాయలేదు. బద్ధకం కాదు, బండి. నాన్న పాత డీజిల్ పికప్పు నా శని ఆదివారాలన్నీ తినేసింది. ఆ కథే ఈసారి రాస్తున్నాను. ఇందులో కరెంటు పని ఉంది, కొన్ని కొత్త మాటలు ఉన్నాయి, నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా ఉంది. ఎప్పటిలాగే ముందు నేనే తెలుగులో రాసి, తర్వాత అమ్మకు చదివి వినిపించాను. అమ్మ దిద్దమన్నవి దిద్దాను. కొన్ని చోట్ల మాత్రం "నీ మాట నీదే ఉండనీ" అంది.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. మేము కాలిఫోర్నియాలో మదేరా దగ్గర ఉంటాం. నాన్నది గుంటూరు జిల్లా. 1986లో ఇక్కడికి వచ్చాడు. మాకు ఇరవై ఎకరాల బాదం తోట ఉంది. పోయిన ఏడాది మార్చిలో నాన్నకు పక్షవాతం వచ్చింది. నడక చాలావరకు తేరుకుంది, కుడి చెయ్యి సగం తేరుకుంది, మాట ఇంకా తేరుకోలేదు. మనం చెప్పేది అర్థమవుతుంది. తను చెప్పాలనుకున్నదీ తనకు తెలుసు. కానీ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఇన్నేళ్ళు మాట్లాడిన ఇంగ్లీషు దాదాపు పోయింది. వచ్చే ఆ నాలుగు మాటలూ తెలుగులో వస్తున్నాయి. అందరికీ ఇలాగే అవుతుందని కాదు, మా నాన్నకు ఇలా అయింది. నేను అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది అందుకే.

ఇక బండి. అది 1991 మోడల్. నాన్న 1999లో సెకండ్ హ్యాండులో కొన్నాడు. కాలిఫోర్నియాలో 1997కి, అంతకు ముందుకి చెందిన డీజిల్ బండ్లకు పొగ పరీక్ష లేదు. అందుకే ఇలాంటి ముసలి బండ్లు మా వైపు తోటల్లో ఇంకా తిరుగుతున్నాయి. దానికి రెండు బ్యాటరీలు, పెద్ద ఇంజను, క్యాసెట్లు పెట్టుకునే టేపు రికార్డరు. కంప్యూటరు అనేదే లేదు.

మొదటిసారి

జనవరిలో ఒక పొద్దున తొంభై తొమ్మిదో నంబరు హైవే మీద వెళ్తున్నాను. చుట్టూ పొగమంచు. ఈ లోయలో నవంబరు నుంచి మార్చి దాకా నేలను అంటుకుని దట్టమైన మంచు పడుతుంది. ఇక్కడి చిత్తడి నేలల్లో పెరిగే ఒక రకం జమ్ము పేరే ఆ మంచుకి పెట్టారు. ఆ పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో చూసి, పలకాల్సినట్టు పలక్కుండా, నాన్న ఎప్పుడూ "తూలే మంచు" అనేవాడు. "ఈ మంచులో బండ్లు తూలతాయి, అందుకే ఆ పేరు" అని నవ్వేవాడు. తూలడం అంటే తాగినవాడిలా అటూ ఇటూ పడబోవడం అని నాకు ఈమధ్యే తెలిసింది. ఆ జోకు నాకు ఇరవై ఏళ్ళు ఆలస్యంగా అర్థమైంది.

అయితే ఈ మంచు జోకు కాదు. 2007 నవంబరులో ఫ్రెస్నో దగ్గర ఇదే హైవే మీద, ఇలాంటి మంచులోనే, వందకు పైగా బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.

ఆ పొద్దున నా ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయింది. దగ్గలేదు, కుదపలేదు. ఎవరో తాళం తిప్పేసినట్టు ఆగింది. స్టీరింగు బరువెక్కింది. లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. ఉన్న వేగంతోనే ఎలాగో రోడ్డు పక్కకు లాగాను. వెనక నుంచి ఒక లారీ హారను కొట్టుకుంటూ వెళ్ళింది. అది కనపడలేదు, గాలి మాత్రం తగిలింది. నేను దిగి, తలుపు వేసి, కంచె దాకా నడిచి నిలబడ్డాను. కాళ్ళు వణికాయి. నాలుగు నిమిషాల తర్వాత తాళం తిప్పితే బండి ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

ఇంటికి వచ్చి విజయవాడలో ఉన్న బాబాయ్‌కి వాయిస్ మెసేజీ పెట్టాను. బాబాయ్ ఆటోనగర్‌లో లారీలకు వైరింగ్ పని చేస్తాడు. నేను పెట్టిన మెసేజీ ఇది: "బాబాయ్, నాన్న... బండి... రోడ్డు మీద చచ్చిపోయింది."

మీలో చాలామందికి ఇందులో తప్పు కనపడదు. నాకూ కనపడలేదు. ఇంగ్లీషులో ఇంజను చస్తుంది, ఫోను చస్తుంది, బ్యాటరీ చస్తుంది. తెలుగులో మనుషులూ జంతువులూ చస్తాయి, బండి ఆగిపోతుంది. పైగా నేను "నాన్న" అన్న తర్వాత తడుముకుంటూ ఆగాను. నాకు "చచ్చిపోయాడు", "చచ్చిపోయింది" తేడా సరిగ్గా రాదని వాళ్ళకు తెలుసు. పిన్ని ఆ మెసేజీ విని కేక పెట్టిందట. ఐదు నిమిషాల్లో మా ఇంటికి ఏడు ఫోన్లు వచ్చాయి. అమ్మ నాన్నకు వీడియోలో బాబాయ్‌ని చూపించాక గానీ వాళ్ళు కుదుటపడలేదు. బాబాయ్ ఏడుస్తూ నవ్వుతున్నాడు. నాన్న కూడా నవ్వాడు. పక్షవాతం వచ్చాక నాన్న అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి.

ఒక్క తీగ మీద నడిచే ఇంజను

అప్పుడు నాకు బాబాయ్ చెప్పిన మొదటి పాఠం ఇది. పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ కావాలి. డీజిల్ ఇంజనుకు అక్కర్లేదు. గాలిని బాగా నొక్కితే వేడెక్కుతుంది, ఆ వేడిలోకి డీజిల్ చిమ్మితే అదే అంటుకుంటుంది. మా బండిలో డీజిల్ చిమ్మే పంపు కూడా ఇంజను తిప్పితే తిరిగేదే. అంటే ఒకసారి స్టార్టయ్యాక ఆ ఇంజనుకు కరెంటుతో పెద్దగా పని లేదు.

ఒక్కచోట తప్ప. పంపులో కరెంటుతో తెరుచుకునే చిన్న కవాటం ఉంటుంది. తాళం వేస్తే పన్నెండు వోల్టులు అందుతాయి, కవాటం తెరుచుకుంటుంది, డీజిల్ పారుతుంది. తాళం తీస్తే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది, ఇంజను ఆగుతుంది. కాబట్టి ఆ కవాటానికి వెళ్ళే ఒక్క తీగలో కరెంటు ఒక్క క్షణం పోయినా, తాళం తీసినట్టే ఇంజను ఆగుతుంది. లైట్లకు వేరే దారి కాబట్టి అవి వెలుగుతూనే ఉంటాయి.

ఇది వినకముందే నేను డబ్బు తగలేశాను. ఒక షాపువాళ్ళు కవాటం మార్చారు. రెండు బ్యాటరీలూ కొత్తవి వేశారు. తొమ్మిది వందల డాలర్లు అయింది. బండి వాళ్ళ దగ్గర మూడు రోజులు ఉంది, ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంటికి తెచ్చిన నాలుగో రోజు ఆగింది.

"తుక్కు కింద అమ్మేద్దాం" అంది అమ్మ. అమ్మ మాటలో కోపం లేదు, భయం ఉంది. ఒక మనిషికి ఒంట్లో బాగోలేదు, రెండో మనిషిని మంచులో పోగొట్టుకోలేను అన్నట్టు చూసింది. నేను ఒప్పుకున్నాను. ఫిబ్రవరి చివరికల్లా తప్పు దొరక్కపోతే అమ్మేస్తానని మాట ఇచ్చాను. అప్పటిదాకా హైవే ఎక్కనని కూడా మాట ఇచ్చాను.

ఈ మాటలు నాన్న ముందే జరిగాయి. నాన్న అమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఎడమ చేత్తో కుర్చీ చేతిని పట్టుకుని, "టే... టే... టేపు" అన్నాడు.

టేపు

ఇదీ నా పెద్ద తప్పు. జాగ్రత్తగా చదవండి, మీ ఇంట్లో కూడా జరగొచ్చు.

నాన్న టేపు అన్నాడంటే పాటలు వినాలనుకుంటున్నాడని అనుకున్నాను. మా ఇంట్లో టేపు అంటే టేపు రికార్డరే. అటక మీద నుంచి పాత టేపు రికార్డరు దించాను. ఘంటసాల క్యాసెట్ పెట్టాను. నాన్న ఒక పాట మర్యాదగా విన్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపి "కాదు" అన్నాడు. క్యాసెట్ మార్చాను. "కాదు, కాదు. బండి. టేపు."

ఓహో, బండిలో ఉన్న టేపు రికార్డరు! అది పాడైందని, దానివల్లే బండి ఆగుతోందని చెబుతున్నాడు! ఎంత తెలివైన కూతుర్ని అనుకున్నాను. ఆదివారమంతా కూర్చుని దాన్ని పీకేశాను. వెనక వైర్లన్నీ బాగున్నాయి. దాని ఫ్యూజు కూడా తీసేశాను. సాయంత్రం తెచ్చి నాన్నకు చూపించాను. నాన్న దాన్ని చూసి కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు ఇంక ఏమీ మాట్లాడలేదు.

మాటలు నేర్పే థెరపిస్టు మాకు మొదటి రోజే ఒక సంగతి చెప్పింది. ఆయన మాట వెతుక్కుంటున్నప్పుడు మీరు అందించకండి, ఆగండి, అడగండి అంది. నేను ఆగలేదు. దొరికిన మొదటి అర్థం పట్టుకుని పరిగెత్తాను.

కాలవ గట్టు మీద నడవాలి

మాకు రాత్రి ఏడైతే విజయవాడలో మర్నాడు పొద్దున్న ఎనిమిదిన్నర. బాబాయ్ షాపు తీసే లోపల రోజూ పది నిమిషాలు నాతో మాట్లాడేవాడు.

"ఏందమ్మాయ్ నువ్వు చేసేది? సామాను మారుస్తా కూర్చుంటే ఎట్టా? చివరి చేనుకి నీళ్ళు రాలేదనుకో, చేను మారుస్తావా? కాలవ గట్టెక్కి నడువు. ఎక్కడిదాకా నీళ్ళున్నాయో చూడు. ఎక్కడ లేవో చూడు. ఆ రెండింటికీ మధ్యనే గండి."

గండి అంటే గట్టు తెగిన చోటు. కాలవ అర్థమైతే కరెంటు అర్థమైనట్టే అన్నాడు బాబాయ్. తోటకు నీళ్ళు పెట్టేదాన్ని కాబట్టి నాకు ఆ మాట వెంటనే ఎక్కింది.

వచ్చిపోయే తప్పుని ఏమంటారు అని అడిగాను. "ఉండుండి వస్తుంది అంటాం. చలిజ్వరం లాగా. డాక్టరు దగ్గరికి పోతే ఒళ్ళు చల్లగా ఉంటది, ఇంటికొస్తే కాల్తది. అట్టాంటి జ్వరానికి ముందు మందు కాదమ్మా, లెక్క రాయాలి. ఏ పూట వస్తుంది, ఎంతసేపు ఉంటుంది అని."

కాబట్టి ఒక నోటుపుస్తకం పెట్టాను. తెలుగులోనే రాశాను. తేదీ, టైము, మంచు ఉందా, రోడ్డు ఎలా ఉంది, ఇంకా ఏవి ఆగాయి, మళ్ళీ ఎలా స్టార్టయింది. తోట చుట్టూ ఉన్న మట్టి రోడ్ల మీదే తిప్పాను. మూడు వారాల్లో పదకొండుసార్లు ఆగింది. చదివి చూస్తే మూడు సంగతులు కనపడ్డాయి.

ఒకటి, పదకొండింటిలో తొమ్మిది మంచు పొద్దున్నల్లో, లేదా వాన పడిన మర్నాడు. రెండు, దాదాపు ప్రతిసారీ గతుకుల మీద. మూడు, ఇది నేను గమనించకుండానే రాశాను: ప్రతిసారీ నేను దిగి, తలుపు గట్టిగా వేసి, తిరిగి ఎక్కాకే స్టార్టయింది.

ఈ మూడోది చదివి వినిపించగానే బాబాయ్ చిటికె వేశాడు. "తలుపు అదురుకి లేచిందంటే అది లూజ్ కనెక్షనే. ఎక్కడో తీగ తగిలీ తగలనట్టు ఉంది. తడి తగిలితే ఇంకా మొరాయిస్తది."

దొరికిన తప్పు, కానీ వేరే తప్పు

ముందు ఎర్త్ చూడమన్నాడు. కరెంటు బ్యాటరీ నుంచి వెళ్ళి ఇంజను ఇనుము మీదుగా, రేకు మీదుగా తిరిగి బ్యాటరీకి రావాలి. పాత బండ్లలో ఆ తిరుగు దారి తుప్పు పట్టి పోతుంది.

నేను మల్టీమీటరుతో తీగ బాగుందా లేదా అని ఓమ్స్‌లో కొలిచాను. అన్నీ బాగున్నట్టే చూపించింది. బాబాయ్ తిట్టాడు. వంద పోగుల తీగలో ఒక్క పోగు మిగిలినా ఆ మీటరుకు బాగున్నట్టే కనపడుతుందట, ఎందుకంటే అది పంపే కరెంటు చాలా తక్కువ. బరువు మోసేటప్పుడు కొలవాలి. మీటరు వోల్టుల మీద పెట్టి, ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కొస ఇంజను ఇనుము మీద ఆనించి, సెల్ఫ్ కొట్టమన్నాడు. సెల్ఫ్ కొట్టడం అంటే స్టార్టరు తిప్పడం. ఆ దారి బాగుంటే మీటరు సున్నాకు దగ్గరగా ఉండాలి. అర వోల్టు దాటితే మధ్యలో ఎక్కడో కరెంటు ఇరుక్కుంటోందని అర్థం.

నాకు 0.9 వచ్చింది. అమ్మ తాళం తిప్పుతుంటే నేను చూశాను. ఎర్త్ కేబులు ఇంజనుకు బిగించిన చోట బోల్టు కింద అంతా తుప్పు. విప్పి, ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది, మళ్ళీ బిగించాను. 0.2కి దిగింది. సెల్ఫ్ ఇదివరకటికన్నా చురుగ్గా తిరిగింది. ఇంట్లో అందరికీ పాయసం పెట్టాను.

మూడు రోజులకి బండి మళ్ళీ ఆగింది.

"ఒక ఒంట్లో రెండు జబ్బులు ఉండకూడదని రాసి ఉందా?" అన్నాడు బాబాయ్. అది నిజం. నేను దొరికించుకున్నది నిజంగానే ఒక తప్పు. కానీ నేను వెతుకుతున్న తప్పు కాదు.

రెండు బల్బులు

ఇక అసలు ఉపాయం. మీ ఇంట్లో ఏ పాత బండి ఉన్నా ఇది పనికొస్తుంది.

రెండు చిన్న పన్నెండు వోల్టుల బల్బులు తీసుకున్నాను. ఒక బల్బుకు తాళం స్విచ్ నుంచి కరెంటు బయటికి వచ్చే చోట నుంచి తీగ కట్టాను. రెండో బల్బుకు ఇంజను దగ్గర, పంపు కవాటం మీద తీగ తగిలే చోట నుంచి కట్టాను. రెండింటి రెండో కొసలూ ఎర్త్‌కి. ప్రతి తీగకీ మొదట్లోనే చిన్న ఫ్యూజు వేశాను, లేకపోతే నేను కట్టిన తీగే ఎక్కడైనా రాసుకుని కొత్త షార్టు అవుతుంది. రెండు బల్బులనూ డ్యాష్‌బోర్డు మీద పక్కపక్కన అంటించాను. ఎడమది స్విచ్, కుడిది పంపు.

ఇప్పుడు ఇంజను ఆగినప్పుడు బల్బులే చెబుతాయి. రెండూ వెలుగుతుంటే కరెంటు బాగుంది, డీజిల్ దారిలోనో పంపులోనో తప్పు. రెండూ ఆరితే స్విచ్చు, లేదా దానికి వచ్చే దారి. ఎడమది వెలిగి కుడిది ఆరితే గండి ఆ రెండింటికీ మధ్యలో.

ఆరు రోజులు ఏమీ కాలేదు. బండి ఆగాలని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఏడో రోజు పొద్దున్న మంచులో, కాలవ దగ్గర గతుకు మీద ఆగింది. ఎడమ బల్బు వెలుగుతోంది. కుడి బల్బు ఆరిపోయింది.

ఇంజను ఆగినందుకు అరిచి చప్పట్లు కొట్టిన మనిషిని ఆ వైపు తోటలవాళ్ళు అంతకు ముందు చూసి ఉండరు.

నిజానికి నేను ముందే గమనించాల్సింది. కుడి బల్బు మొదటి రోజు నుంచీ ఎడమదానికన్నా కాస్త మసకగా ఉంది. చూశాను గానీ బల్బులో తేడా అనుకున్నాను.

నల్ల టేపు

ఇప్పుడు వెతకాల్సింది రెండు మీటర్ల తీగ మాత్రమే. ఫిబ్రవరి ఇరవై రెండో తేదీ, శనివారం. అమ్మకు ఇచ్చిన గడువు ఇంక వారం ఉంది. బండిని ఇంటి ముందు పెట్టి, ఇంజను ఆన్ చేసి, మూత ఎత్తాను. ఎండగా ఉందని అమ్మ నాన్నను తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

జుట్టు ముడేసుకుని, ఫ్యాను బెల్టుకు దూరంగా నిలబడి, వైర్ల కట్టను జానెడు జానెడు చొప్పున పట్టుకుని మెల్లగా కదిపాను. క్యాబిన్ రేకులోంచి బయటికి వచ్చే చోట ఏమీ కాలేదు. ఇంకో జానెడు. ఏమీ కాలేదు. నీళ్ళ సీసాతో కాస్త తడి చిమ్మి మళ్ళీ కదిపాను. ఎడమ పక్క బ్యాటరీ వెనక, చెయ్యి సరిగ్గా పట్టని చోట, కట్ట కాస్త లావుగా తగిలింది. వంచాను.

ఇంజను ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో వెనక నుంచి నాన్న గొంతు వినపడింది. "టేపు."

చెయ్యి బయటికి తీసి చూసుకున్నాను. వేళ్ళకు నల్లగా, బెల్లం పాకంలా జిగురు. పాత ఇన్సులేషన్ టేపు.

నేను నాన్న వైపు తిరిగాను. ఈసారి పరిగెత్తలేదు. "నాన్నా, ఇదేనా నువ్వు చెప్పింది?" అని అడిగి ఆగాను. నాన్న చాలాసేపు వెతుక్కున్నాడు. నేను ఏ మాటా అందించలేదు. ఇంజను చల్లారుతున్న టిక్ టిక్ మాత్రం వినపడింది. చివరికి "నేనే... కట్టా" అన్నాడు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. 2003, నాకు పదేళ్ళు. మెర్సెడ్ నుంచి వస్తుంటే రాత్రిపూట బండి దారిలో ఆగింది. ఒక తీగ ఎలకలు కొరికి తెగింది. నాన్న పళ్ళతో తీగ తోలు ఒలిచి, రెండు కొసలూ మెలేసి, నల్ల టేపు చుట్టాడు. నేను టార్చి పట్టుకున్నాను. నాకు నిద్రొస్తోంది, టార్చి పక్కకు జారిపోతోంది. నాన్న తిట్టలేదు. "లైటు ఇటు పట్టు తల్లీ, ఇటు పట్టు" అంటూనే ఉన్నాడు. "ఇది ఈ పూటకి. రేపు సరిగ్గా చేద్దాం" అన్నాడు. ఆ రేపు ఇరవై ఏళ్ళకు పైగా రాలేదు.

అంటే ఆ తీగ సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరికి మాట రాలేదు. ఒకరికి గుర్తులేదు.

టేపు విప్పితే లోపల రాగి పచ్చగా ఉంది. రాగికి పట్టే ఆ పచ్చటి దాన్ని చిలుము అంటారని అమ్మ చెప్పింది. ఇనుముకు తుప్పు, రాగికి చిలుము. పోగుల్లో చాలావరకు తినేసింది, ఐదారు మిగిలాయి. అవి కూడా గతుకుకి విడిపోయి, అదురుకి తగులుకుంటున్నాయి. తడి తగిలితే చిలుము ఇంకా పెరుగుతుంది. పక్కనే బ్యాటరీ, దాని ఆసిడ్ ఆవిరి కూడా తోడైంది.

లైటు ఇటు పట్టు

బాగుచేయడం ఒక సాయంత్రం పని. ముందు రెండు బ్యాటరీల మైనస్ కేబుళ్ళూ విప్పాను. తీగను కోస్తూ పోయాను. తోలు కింద రాగి నల్లగా ఉన్నంతసేపు కోయాలి, ఎర్రగా మెరిసేదాకా ఆగకూడదు. రెండు వైపులా కలిపి ఒక అడుగు పోయింది. అంతే లావున్న కొత్త తీగ వేసి, నొక్కే రాగి గొట్టాలతో కలిపి, పైన వేడి చేస్తే బిగుసుకునే జిగురు గొట్టం తొడిగాను. బాబాయ్ టంకం వేయమన్నాడు. అదురు ఉన్నచోట టంకం చివర తీగ విరుగుతుందని నేను చదివాను. ఇద్దరం పది నిమిషాలు వాదించుకున్నాం. తెలుగులో నేను వాదించడం, అదీ నెగ్గడం ఇదే మొదటిసారి. తర్వాత ఆ తీగను బ్యాటరీకి దూరంగా తిప్పి, కదలకుండా కట్టాను.

పని సగంలో చీకటి పడింది. టార్చి నోట్లో పెట్టుకుని చేస్తున్నాను. నాన్న లేచి, మెల్లగా నడిచి వచ్చి, ఎడమ చెయ్యి చాపాడు. టార్చి ఇచ్చాను. చెయ్యి కాస్త వణికింది, వెలుతురు బ్యాటరీ మీదకు జారింది.

"లైటు ఇటు పట్టు నాన్నా" అన్నాను.

పట్టాడు.

తాళం వేశాను. రెండు బల్బులూ ఒకేలా వెలిగాయి. మీటరు పెట్టి చూస్తే స్విచ్‌కీ పంపుకీ మధ్య తేడా 0.1 వోల్టు. నాన్న మీటరు చూసి, బండి చూసి, "ఎట్టా ఉంది?" అన్నాడు. పూర్తి వాక్యం. నేను పుస్తకంలో "ఎలా" అని నేర్చుకున్నాను. కానీ "బాగుంది నాన్నా, అట్టాగే ఉంది" అని ఏదో తప్పుగా అన్నాను. ఎవరూ దిద్దలేదు.

ఇది రాసేటప్పటికి ఐదు వారాలైంది. ఇందులో ఎనిమిది పొద్దున్నలు మంచు పడింది. బండి ఒక్కసారి కూడా ఆగలేదు. బాదం పూత అయిపోయి కాయ కట్టింది. అమ్మ తుక్కు మాట ఎత్తడం లేదు. హైవే మాత్రం మంచులో ఇంకా ఎక్కనివ్వడం లేదు, అది న్యాయమే. బల్బులు రెండూ డ్యాష్‌బోర్డు మీద అలాగే ఉంచాను. టేపు రికార్డరు తిరిగి పెట్టాను.

ఈసారి నేర్చుకున్న మాటలు:

ఉండుండి: ఎప్పుడో ఒకసారి, మధ్యమధ్యలో. "ఉండుండి ఆగిపోతోంది."

మొరాయించడం: ఎద్దు గానీ బండి గానీ కదలనని మొండికేయడం.

గండి: గట్టు తెగిన చోటు. "గండి పడింది" అంటారు.

అదురు: వణుకు లాంటి కుదుపు. తలుపు గట్టిగా వేస్తే వచ్చేది.

చిలుము: రాగికి, ఇత్తడికి పట్టే పచ్చటి మురికి.

ఈ పూటకి: ఇప్పటికి ఇలా గడిపేద్దాం అన్నట్టు. ఈ మాట విన్నప్పుడు నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి.

టేపు: పాటల టేపు, నల్ల టేపు, దర్జీ మెడలో వేసుకునే టేపు. ఏ టేపో అడగండి. అడిగాక, జవాబు వచ్చేదాకా ఆగండి.

తప్పులుంటే ఎప్పటిలాగే దిద్దండి. మీ ఇంట్లో వాళ్ళు బండి పనిలో వాడే మాటలు ఏవైనా ఉంటే నాకు రాయండి. బాబాయ్‌కి చదివి వినిపిస్తాను.